కోర్గీలో ‘గ’ ఎక్కడిది?

అమ్మాయీ,

నీ వ్యాసం చదివాను. మొదటి పేజీ నిండా రెండో ఎలిజబెత్ రాణి ఇంటి పొట్టికాళ్ల కోర్గీ కుక్కలే. 1933లో వచ్చిన డూకీ మొదలుకొని అన్నిటినీ పలకరించావు. ఆ పేరు ఎలా పుట్టిందన్న అసలు మాట మాత్రం రెండో పేజీలో ఒక్క వాక్యంతో సరి: ‘వేల్స్ దేశపు వెల్ష్ భాషలో కోర్ అంటే మరుగుజ్జు, కి అంటే కుక్క, కలిపితే కోర్గీ.’

కలిపితే కోర్కి కావాలి కదా! ఆ ‘గ’ ఎక్కడి నుంచి వచ్చింది? పాఠకుడు ఆగే చోట నువ్వు గబగబా దాటేశావు. వెల్ష్ సమాసాల్లో చాలావరకు రెండో పదం మొదటి హల్లు మెత్తబడుతుంది. క గ అవుతుంది, త ద అవుతుంది, ప బ అవుతుంది. పూర్వం మొదటి పదం చివర అచ్చు ఉండేది. అచ్చుల మధ్య చిక్కిన పరుషం సరళమైంది. తరువాత ఆ అచ్చు రాలిపోయినా సరళం నిలిచిపోయింది. తెలుగువాళ్లకు ఇది చెప్పడం ఎంత తేలికో చూడు: కూర, కాయ కలిస్తే కూరగాయలు. బడిలో గసడదవాదేశం వల్లె వేసినవాళ్లు ఇట్టే అందుకుంటారు. అయితే రెండు భాషలకూ చుట్టరికం లేదని ఒక ముక్క రాయి. లేకపోతే వియ్యం కలిపేవాళ్లు బయలుదేరతారు.

బహువచనాన్నీ వదలకు. ఇంగ్లీషులో కోర్గీలకు చివర ‘స్’ చేర్చి ఊరుకుంటారు. వెల్ష్‌లో కి బహువచనం కూన్, కాబట్టి కోర్గీలు కోర్గున్ అవుతాయి. సమాసం లోపల కుక్క ఇంకా కదులుతూనే ఉందన్నమాట. కూన్ అనగానే కుక్కకూన గుర్తొస్తే నవ్వుకో, వ్యాసంలో మాత్రం పెట్టకు.

మరుగుజ్జు అన్న పేరు ఆ కుక్క పనికీ అతుకుతుంది. అది పశువుల మడమలు కొరికి తోలే కుక్క. ఆవు కాలు విసిరితే ఆ తన్ను దాని తల మీదుగా పోవాలి. వనదేవతలు దానిపై స్వారీ చేశారన్నది జనం చెప్పుకునే కథ. కథగానే రాయి.

చివర్లో పెంగ్విన్ కూడా వెల్ష్ మాటేనని ఢంకా బజాయించావు. పెన్ అంటే తల, గ్విన్ అంటే తెలుపు, నిజమే. పెంగ్విన్ తల నలుపు కదా! ఆ పేరు మొదట ఉత్తర అట్లాంటిక్‌లో ఉండి అంతరించిపోయిన గ్రేట్ ఆక్ పక్షిది. దానికీ కంటి ముందు తెల్లమచ్చే తప్ప తలంతా తెలుపు కాదు. పండితుల మధ్య తగవు ఇంకా తెగలేదు. నేనైతే ఆ పేరా కొట్టేస్తాను.

రాణిని రెండు వాక్యాలకు కుదించి, ఆవుల దగ్గర మొదలుపెట్టి మళ్లీ పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి