సింప్సన్స్‌లో వెటకారం తప్ప ఇంకేముంది అన్న ప్రశ్నకు

సింప్సన్స్ అనే అమెరికన్ కార్టూన్ టీవీ షో అంతా వెటకారమే, మనసుకు తగిలేది ఏమీ లేదు, పిల్లలతో కలిసి ఎందుకు చూడాలి అని అడిగారు కదండీ. 1995లో వచ్చిన, ఆ ఇంటి చిన్న పాప మ్యాగీ పుట్టుక గురించిన ఎపిసోడ్ ఒక్కటి చూడండి. ఎంతో ఇష్టపడి చేరిన బౌలింగ్ సెంటర్ పని వదిలేసి, మూడో బిడ్డ కోసం తండ్రి హోమర్ మళ్ళీ పాత అణు విద్యుత్ కేంద్రానికే వెళ్తాడు. ‘నువ్వు ఎప్పటికీ ఇక్కడే’ అని బాస్ పెట్టించిన బోర్డు మీద పాప ఫోటోలు అంటిస్తాడు. ఫోటోలు కప్పగా మిగిలిన ఇంగ్లీషు అక్షరాలు మాత్రం ‘Do it for her’, అంటే ‘పాప కోసం చెయ్యి’ అని చెబుతాయి. ఆ సీన్ వచ్చినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

తమను ప్రసారం చేసే ఫాక్స్ ఛానెల్‌నే ఆటపట్టించే షో ఇది. అంత నవ్వించాక వస్తుంది కాబట్టే ఈ ప్రేమ నిజమనిపిస్తుంది. పిల్లలు కాస్త పెద్దవాళ్ళైతే పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. ఫోటోలు ఎందుకు అంటించాడో వాళ్ళనే అడగండి.