షెడ్డు సంగతి తర్వాత, ముందు ఇరవై బెడ్లు

ప్రశ్న: మాది మైదుకూరు దగ్గర పల్లె. మా అబ్బాయి ఈ ఏడాదే కడపలో బీఎస్సీ మైక్రోబయాలజీ పూర్తి చేశాడు. ఉద్యోగం చూసుకోమంటే, వరిగడ్డి మీద ముత్యపుచిప్ప పుట్టగొడుగులు పెంచుతానని, షెడ్డుకు మూడు లక్షలు కావాలని అంటున్నాడు. చదువంతా వృథా అవుతుందేమోనని మాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, కడప జిల్లా

జవాబు: అమ్మా, చదువు వృథా అవుతుందన్న భయం పెట్టుకోకండి. పుట్టగొడుగు ఒక శిలీంధ్రం. గడ్డిలో అదొక్కటే పెరగాలి, వేరే బూజు ఏదీ రాకూడదు. ఈ పనిలో కష్టమంతా అక్కడే ఉంది. గడ్డిని చిన్న ముక్కలుగా కోసి, రాత్రంతా నానబెట్టి, 80 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు ఉంచేది అందుకే. చల్లారాక గుప్పెట్లో పిండితే చెయ్యి తడవాలి గానీ నీటిచుక్క కారకూడదు. తడి ఎక్కువైతే ట్రైకోడెర్మా అనే పచ్చబూజు పట్టి బెడ్డు (గడ్డి, పుట్టగొడుగు విత్తనం నింపిన సంచి) పాడవుతుంది. ఆ పేరు మీవాడు క్లాసులో వినే ఉంటాడు. కొందరు వేడినీళ్లకు బదులు కార్బెండజిమ్, ఫార్మాలిన్ అనే రసాయనాలు కలిపిన నీళ్లు వాడతారు. తినే వస్తువు కాబట్టి నేను మాత్రం వేడినీళ్లే వాడమంటాను.

నా అభ్యంతరం షెడ్డు గురించే. మూడు లక్షలు ఇప్పుడే ఇవ్వకండి. ఈ పుట్టగొడుగులకు 20 నుంచి 30 డిగ్రీల వేడి, గాలిలో 80 శాతం పైగా తేమ కావాలి. మన దగ్గర నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఒక ఖాళీ గదికి గోనెపట్టాలు కట్టి, రోజూ తడుపుతూ ఉంటే సరిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 దాటుతుంది, షెడ్డు ఉన్నా వీటిని కాపాడటం కష్టం. వేడిని తట్టుకునే పాల పుట్టగొడుగులు అప్పటికి నయం. ఏడాది పొడవునా ఒకే దిగుబడి చూపించే లెక్కలు ఎవరు తెచ్చినా నమ్మకండి. విత్తనం, సామాను మా దగ్గరే కొనండి, పంటంతా మేమే కొంటాం అనేవాళ్లకు అడ్వాన్సు కట్టనివ్వకండి.

ఈ చలికాలం ఇరవై బెడ్లు వేయనివ్వండి. గడ్డి ఈ ఏటిదే కావాలి. వానకు తడిసి నల్లబడిన వామిగడ్డి పనికిరాదు. విత్తనం వేసిన పదిహేను, ఇరవై రోజులకు బెడ్డంతా తెల్లగా అల్లుకుంటుంది, ఇంకో వారం పది రోజుల్లో మొదటి కోత వస్తుంది. కిలో ఎండుగడ్డికి రెండు మూడు కోతల్లో కలిపి అరకిలో పైనే రావాలి. ఒక జాగ్రత్త: వీటి సన్నని బీజాలు గాలిలో ఎగిరి ఊపిరితిత్తులకు ఇబ్బంది చేస్తాయి. మాస్కు తప్పనిసరి. ఇంట్లో ఎవరికైనా ఆస్తమా ఉంటే ఇంటికి దూరంగా ఉన్న గదే చూసుకోండి.

అసలు పరీక్ష అమ్మకం. కోసిన పుట్టగొడుగు బయట ఒక్కరోజుకే వాడిపోతుంది. టమాటాలా మండీలో దించి వచ్చేస్తే కుదరదు. బటన్ పుట్టగొడుగు చాలామందికి తెలుసు గానీ ఇది కొత్త. కాబట్టి బెడ్లు వేయకముందే కడప, ప్రొద్దుటూరులో కూరగాయల షాపులు, హోటళ్లు తిరిగి, వారానికి ఎన్ని కిలోలు తీసుకుంటారో అడిగి రమ్మనండి. చుట్టాలు కొన్నది లెక్కలోకి తీసుకోకండి. మిగిలింది ఎండబెట్టొచ్చు, కానీ పది కిలోలకు కిలో మాత్రమే తేలుతుంది.

మీ అబ్బాయి చదువుకు నిజమైన విలువ విత్తనం తయారీలో ఉంది. ఉడికించిన జొన్నల్లో సుద్దపొడి కలిపి, ఆటోక్లేవ్‌లో (ఒత్తిడితో కూడిన ఆవిరితో క్రిములను చంపే పాత్ర) స్టెరిలైజ్ చేసి, అందులో శిలీంధ్రాన్ని పెంచితే అదే విత్తనం. ఇది అచ్చంగా మైక్రోబయాలజీ ల్యాబ్ పని. జొన్నలు మన సీమలో పండేవే. పెంచేవాళ్లకు ప్రతిసారీ తాజా విత్తనం కావాలి. అందుకే యోగి వేమన యూనివర్సిటీలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీకి ప్రయత్నించమనండి. చలికాలంలో బెడ్లు చూసుకుంటూనే చదవొచ్చు. రేపు ఫార్మా, ఆహార కంపెనీల క్వాలిటీ ల్యాబుల్లో ఉద్యోగానికి కూడా ఆ డిగ్రీ పనికొస్తుంది.

నవంబరు లోపు ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లి శిక్షణ గురించి అడగండి. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థలో పుట్టగొడుగుల ల్యాబు ఉంది, వీలైతే అక్కడ కూడా నేర్చుకుంటే మంచిది. పెట్టిన ప్రతి రూపాయి, అమ్మిన ప్రతి కిలో, పారేసిన ప్రతి బెడ్డు ఒక నోటుబుక్కులో రాయమనండి. మూడు లక్షల మాట ఫిబ్రవరిలో ఆ బుక్కు ముందు పెట్టుకుని, మీరు ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి.