జాతరకు అందరూ వస్తారు, నేను వంటింట్లో ఉంటాను

ప్రశ్న: మాది తిరుపతి. తాతయ్యగుంట గంగమ్మ గుడికి నడిచి వెళ్లేంత దూరంలో ఇల్లు. నేను బడిలో టీచర్‌ని, వయసు 43. మా ఆయన ఇంటికి పెద్దకొడుకు. ఇద్దరు మరుదులు, ఇద్దరు ఆడపడుచులు బెంగళూరు, చెన్నై, హైదరాబాదుల్లో ఉన్నారు. ఏటా మే నెలలో గంగ జాతరకు అందరూ పిల్లాపాపలతో మా ఇంటికే వస్తారు. ఇరవై మందికి పైనే. వారం రోజులు వంట, వడ్డన, పక్కలు, బట్టలు అన్నీ నా మీదే. ‘వేసవి సెలవులే కదా, నీకేం పని’ అంటారు. ఇంటర్ చదివే మా అమ్మాయిని కూడా వంటింట్లోకి పిలుస్తారు. అదే వయసు మగపిల్లలు ఫోన్లు చూస్తూ పడుకుంటారు. అత్తగారు పోయి మూడేళ్లయింది. పోయిన జాతరలో పెద్ద ఆడపడుచు విస్తరి ముందు కూర్చుని, ‘అమ్మ ఉన్నప్పుడు ఇలా ఉండేది కాదు’ అంది. మా ఆయనతో సహా అందరూ విన్నారు, ఒక్కరూ నోరు తెరవలేదు. మొన్న సంక్రాంతికి ఫోన్ చేసి, ఈసారి తన అత్తగారి వైపు వాళ్లను కూడా తీసుకొస్తానంది. ఈయనకు చెబితే ‘ఏడాదికి ఒక్కసారేగా’ అంటారు. ఆ వారం పుట్టింటికి వెళ్లిపోదామంటే చాటింపు వేశాక ఊరు దాటకూడదంటారు. పెళ్లయి ఇన్నేళ్లలో అమ్మవారి విశ్వరూపం ఒక్కసారి కూడా చూడలేదు. ఈ ఏడాది ఎవరూ రావద్దని చెప్పేయాలని ఉంది. నేను స్వార్థపరురాలినా?

జవాబు: అమ్మా, ముందు మీ చివరి మాటకే సమాధానం చెబుతాను. కాదు. ఏళ్ల తరబడి ఇంతమందికి వండి పెట్టి, ఇప్పటికీ తప్పు తనదేనేమో అని అడిగే మనిషికి స్వార్థం అంటగట్టడం అన్యాయం. ఆ అనుమానాన్ని ఈ రోజుతో పక్కన పెట్టండి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది పని బరువు కాదు, విశ్వరూపం గురించి రాసిన ఆ ఒక్క వాక్యం. జాతర చివర మంగళవారం రాత్రంతా జనం మేలుకొని ఉంటారు. మట్టితో చేసిన విశ్వరూపానికి చెంప నరికే ఘడియ కోసం ఎదురుచూస్తారు. ఆ మట్టి చిటికెడు దొరికితే కళ్లకద్దుకుని ఇంటికి తెచ్చుకుంటారు. చెన్నై నుంచి వచ్చినవాళ్లు అది చూసి వెళుతున్నారు. గుడికి నడక దూరంలో ఉన్న మీరు మాత్రం ఆ వేళకు ఇంట్లో ఉంటారు. ఏం చేస్తుంటారో మీరు రాయకపోయినా తెలుస్తూనే ఉంది. తెల్లవారుజాము బస్సులకు వెళ్లేవాళ్ల కోసం పులిహోర కలుపుతూ, పెరుగన్నం డబ్బాల్లో సర్దుతూ ఉంటారు. అంటే మీకు జాతర మీద విసుగు పుట్టలేదు, జాతర మీకు దక్కడం లేదు. ఎవరినీ రావద్దంటే ఇల్లు ఖాళీ అవుతుంది గానీ ఆ లోటు తీరదు.

పైగా ‘రావద్దు’ అన్నది గంగ జాతర విషయంలో మామూలు మాట కాదు. అక్కడ గంగమ్మ అంటే వెంకటేశ్వరస్వామికి చెల్లెలు. తిరుమల నుంచి ఆమెకు ఏటా చీర, పసుపు, కుంకుమలతో పుట్టింటి సారె వస్తుంది. ఆడపడుచుకు సారె పంపే పండుగ రోజుల్లో, సొంత ఆడపడుచులకు గుమ్మం మూశారన్న మాట ఒకసారి పుడితే పదేళ్లయినా పోదు. అది మీ మీదే పడుతుంది, మీ ఆయన మీద పడదు. మీరు ఇప్పటికే పడుతున్న దానికి ఆ నింద కూడా తోడవడం నాకు ఇష్టం లేదు.

అత్తగారి రోజుల్ని ఒకసారి గుర్తు చేసుకోండి. ఆవిడ అన్ని పనులూ తానొక్కతే చేసి ఉండరు. పక్కన మీరున్నారు, తోడికోడళ్లు ఉన్నారు, కొడుకుల్ని పేరు పెట్టి పిలిచి ‘లేచి నీళ్లు తోడు’ అనగల అధికారం ఉంది. ‘నువ్వు కొబ్బరి తురుము, నువ్వు పిల్లలకు స్నానాలు చేయించు’ అంటే కూతుళ్లు లేచేవారు. ఆవిడ పోయాక ఆ పని మొత్తం మీ చేతికి వచ్చింది, పెద్దరికం మాత్రం రాలేదు. ఎవరినీ పని చెప్పి పిలవలేరు, ఎవరినీ కాదనలేరు. చేసే చేతులు మీవే, మాట పడే చెవులూ మీవే. మీ అలసటకు మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం. మీరు అడగాల్సింది సెలవు కాదు, ఆ పెద్దరికం.

దాన్ని మీకు మీరు తీసుకోలేరు. మీ ఆయన ఇవ్వాలి, అందరూ వినేలా ఇవ్వాలి. ఆయన చెడ్డవారని నేననను. సరుకులు తెస్తారు, గుడి పనులు చూస్తారు, ఖర్చంతా భరిస్తారు. కానీ ‘ఏడాదికి ఒక్కసారేగా’ అన్నవారికి ఆ ఒక్కసారి లోపల ఏముందో తెలియదు. పొద్దున ఐదింటికి మొదటి కాఫీ, పదింటికి ఆఖరి కాఫీ, ఆ మధ్యలో మూడు విడతల ఇడ్లీ, చంటిపిల్లకు వేరే, షుగరున్న బాబాయికి వేరే. జాతరలో తోటి వేషం వేసే రోజు పిల్లలు ఒళ్లంతా బొగ్గు పూసుకుని ఇల్లు చేరితే స్నానాలగది గోడల దాకా నలుపు. దాన్ని కడిగే సరికి మధ్యాహ్నం అన్నానికి ఎసరు పెట్టే వేళ. ఇవన్నీ ఒక కాగితం మీద రాయండి. గంట గంటకూ ఏ పని, ఎవరు చేశారు, అంతే. పక్కన ఒక్క నింద కూడా రాయకండి. ఏ గొడవా లేని సాయంత్రం చూసి ఆయన చేతిలో పెట్టండి. ఏడుస్తూ చెప్పినదాన్ని ఓదార్చి మరచిపోతారు. రాసి ఇచ్చినదాన్ని చదవక తప్పదు.

ఆయన్ని అడగాల్సిన కోరికలు రెండే. తన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ ఏటి ఏర్పాట్లు తన నోటితో తానే చెప్పాలి. అదే మాట మీరంటే వదిన సణుగుడు అంటారు, ఆయన అంటే అన్నయ్య ఏర్పాటు అవుతుంది. రెండోది, మంగళవారం రాత్రి మీరు, మీ అమ్మాయి గుడికి వెళతారు, ఆయన ఇంట్లో ఉంటారు. దీని మీద బేరం లేదు. ఇన్నేళ్లుగా చూస్తున్నవారు ఒక్క ఏడాది చూడకపోతే అమ్మవారు ఏమీ అనుకోదు. తెల్లవారి ప్రయాణాల వాళ్లకు దారిలో టిఫిను దొరుకుతుంది, ఆ రాత్రి పులిహోర అక్కర్లేదు.

ఇక ఏర్పాట్లు. ఇవి జనవరి, ఫిబ్రవరిల్లోనే తేలిపోవాలి, చాటింపు ముందురోజు తేలేవి కావు. జాతరకు వచ్చేవాళ్లు ఎలాగూ కొండకు కూడా వెళ్లాలనుకుంటారు. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు దాదాపు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో విడుదలవుతాయి. ఊళ్లో ఉన్నారు కాబట్టి ఆ పని కూడా ఇప్పటిదాకా మీ నెత్తినే పడి ఉంటుందని నా అనుమానం. తిరుపతిలో కాపురం ఉన్నవాళ్లందరికీ ఇది తప్పని బెడద, ఎవరి ఫోన్ మోగినా ‘దర్శనం ఏమైనా కుదురుతుందా’ అన్న మాటే. టికెట్ కొనడానికి తిరుపతిలో ఉండాల్సిన అవసరం లేదు. బెంగళూరు వాళ్లు బెంగళూరులో కూర్చుని కొనుక్కోవచ్చు. ఎవరి టికెట్లు వారివే అని మీ ఆయన కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టే సందేశంలోనే ఉండాలి.

ఆడపడుచు అత్తగారి వైపు వాళ్ల సంగతి. 2023లో ప్రభుత్వం ఈ జాతరను రాష్ట్ర పండుగగా ప్రకటించింది. బయటి ఊళ్లవాళ్లకు చూడాలని ఉండటం సహజమే. రమ్మనండి. పగలు భోజనానికి పిలవండి. పడక మాత్రం బయట. బస్టాండు దగ్గర శ్రీనివాసం, మాధవం, రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణునివాసం అనే దేవస్థానం వసతి గృహాలు ఉన్నాయి. వేసవి రద్దీలో అక్కడ గదులు సులువుగా దొరకవు కాబట్టి వాళ్లే ముందుగా చూసుకోవాలి, లేదంటే లాడ్జి ఉండనే ఉంది. ఇంట్లో ఎన్ని పక్కలు పడతాయో లెక్కపెట్టి ఆ అంకె మీ ఆయనకు ఇవ్వండి. ఇల్లు సాగదు కదా.

వంటకు ఆ వారం ఒక మనిషిని పెట్టుకోండి. మధ్యాహ్నం భోజనం ఒక్కటి ఆ మనిషి చేతికి వెళ్లినా మీకు ఊపిరి ఆడుతుంది. ఆ జీతం, సరుకులు వచ్చే నాలుగు కుటుంబాల మీద వేయాలి. అన్నదమ్ముల మధ్య డబ్బు మాట ఎత్తడం మీ ఆయనకు నామోషీగా అనిపించవచ్చు. అందరూ సంపాదిస్తున్నవాళ్లే, ఎవరూ అడగలేదు కాబట్టి ఇవ్వలేదు. ఒకరిద్దరికి ఎన్నాళ్లుగానో ఇవ్వాలని ఉండి, అన్నయ్య ఏమనుకుంటాడో అని ఆగి ఉంటారు. రాత్రి వంట, పొద్దుటి టిఫిను రోజుకో కుటుంబం చేయాలి. వండితే వండుతారు, తెప్పిస్తే తెప్పిస్తారు. వాళ్ల పూట మీరు వంటింట్లోకి వెళ్లకండి. ఉప్పు తక్కువైనా, అన్నం మెత్తబడినా వెళ్లకండి. ఇది మీకు అన్నిటికంటే కష్టమైన పని అవుతుందని తెలిసే చెబుతున్నాను.

మగపిల్లల విషయంలో మెతకగా ఉండవద్దు. ఆ వారం తిరుపతి వీధుల్లో మగపిల్లలు చీర కట్టుకుని, జడ వేసుకుని, గాజులు తొడుక్కుని మొక్కు తీర్చుకుంటారు. పెద్ద పెద్ద మగవాళ్లూ ఆ వేషం వేస్తారు, దాన్ని ఎవరూ చిన్నతనం అనుకోరు. అమ్మవారి కోసం చీర కట్టిన పిల్లవాడికి విస్తళ్లు తీయడం, పక్కలు మడతపెట్టడం, తన ఒంటి బొగ్గు అంటిన గోడ తానే కడగడం ఎందుకు తక్కువ కావాలి? వాళ్ల తల్లులకు చెప్పవద్దు, నేరుగా పిల్లలకే చెప్పండి. మీరు బడిలో రోజూ నలభై మందికి పని చెప్పే మనిషి. ఇంట్లో ఆ గొంతు ఎందుకు దాచుకుంటున్నారు? మీ అమ్మాయికి మిగతా పిల్లలందరితో సమానంగా పని ఉండాలి, ఒక్క చెంచా ఎక్కువ ఉండకూడదు. అది మిమ్మల్ని గమనిస్తోంది. రేపు తన అత్తింట్లో ఏది మామూలు అనుకోవాలో ఇప్పుడే నేర్చుకుంటోంది.

ఇదంతా విని ఎవరో ఒకరు ‘అంత కష్టంగా ఉంటే మేమంతా లాడ్జిలోనే దిగుతాంలే’ అంటారు. అది దెప్పిపొడుపే. మీరు దాన్ని సాయంగా తీసుకుని, ‘చాలా మంచి మాట, భోజనానికి మాత్రం తప్పకుండా రండి’ అనండి. బతిమాలవద్దు, వివరణ ఇవ్వవద్దు. మొదటి ఏడాది ఒకరిద్దరు ముఖం ముడుచుకుంటారు, అది ఓర్చుకోవాల్సిందే. గంగమ్మ జాతర మీద ప్రేమ ఉన్నవాళ్లు లాడ్జిలో దిగి అయినా వస్తారు.

పెద్ద ఆడపడుచు దగ్గరకు వస్తాను. ఆ మాట అన్న తీరు తప్పు. అందులో సందేహం లేదు. అయినా ఆ మాటను ఇంకోసారి వినండి: ‘అమ్మ ఉన్నప్పుడు ఇలా ఉండేది కాదు.’ తల్లి పోయాక ఆ ఇంట్లో విస్తరి ముందు కూర్చున్న కూతురు ఆమె. ఆ గుమ్మం, ఆ వంటిల్లు, ఆ జాతర అన్నీ ఉన్నాయి, అమ్మ లేదు. ఆ దుఃఖం చెప్పుకోవడం చేతకాక వడ్డించే మీ మీద పారేసింది. మీకు తగిలిన దెబ్బ దీనివల్ల తగ్గదు. కానీ ఆమెతో ఎలా మాట్లాడాలో దీనివల్ల తెలుస్తుంది.

ఆమెకు మీరే ఫోన్ చేయండి, ఆమె ఒంటరిగా ఉన్న వేళ చూసి. ఇలా అనవచ్చు: ‘అత్తమ్మ లేని లోటు నాకూ ఉంది. పోయినసారి అందరి ముందు నువ్వు అన్న మాటకు చాలా రోజులు బాధపడ్డాను. ఆమె చేసినట్టు నేను చేయలేను, చేయాలని కూడా అనుకోవడం లేదు. అమ్మవారికి పెట్టే పొంగలి, అంబలి అత్తమ్మ పద్ధతిలో నీకే బాగా తెలుసు. ఈసారి అవి నీ చేతి మీదుగా జరగాలి. రెండు రోజులు ముందు రా, మా అమ్మాయికీ నీ పిల్లలకూ నేర్పు.’ ఆమె వస్తే పుట్టింటికి వచ్చిన ఆడపడుచుకు ఒక గౌరవమైన పని దొరుకుతుంది, మీ బరువులో సగం తగ్గుతుంది. రాకపోతే, ఇక ముందు వంట గురించి మాట్లాడే హక్కు ఆమె తనంతట తానే వదులుకున్నట్టు. ఆమె క్షమాపణ చెప్పాలని పట్టుబట్టవద్దు. బాధపడ్డాను అన్న వాక్యాన్ని మాత్రం మింగేయవద్దు, నవ్వుతూ అనవద్దు.

ఈ ఫోన్ ఎప్పుడు చేయాలన్నది ముఖ్యం. మీ ఆయన కుటుంబ వాట్సాప్ గ్రూపులో సందేశం పెట్టకముందే చేయాలి. తన అత్తగారి వైపు వాళ్లకు పడక లేదన్న సంగతి ఆమె ముందుగా మీ నోటి వెంట, ఒంటరిగా ఉన్నప్పుడు వినాలి. అదే గ్రూపులో అందరితో పాటు చదివితే తనను నలుగురిలో చిన్నబుచ్చారని అనుకుంటుంది, ఆ తర్వాత మీరు ఏం చెప్పినా చెవికెక్కదు. అందుకని ఈ వారంలో ఆయనకు కాగితం, వచ్చే వారంలో ఆమెకు ఫోను, ఆ తర్వాతే గ్రూపులో సందేశం. మే నెల దర్శనం టికెట్లు విడుదలయ్యేలోగా ఈ మూడూ అయిపోవాలి.