చప్పుడొకటైతే బెల్టొకటి మార్చారు: షెడ్డు మీద కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. 2011 మోడల్ డీజిల్ పికప్ నేనే నడుపుకుంటూ బాటసింగారం మార్కెట్‌కు బత్తాయి తోలుతాను. పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజన్ ముందు భాగంలో కీచుమని చప్పుడు వస్తుంటే నల్లగొండలో ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. రెండు నెలల్లో రెండుసార్లు ఫ్యాన్ బెల్టు మార్చారు. మొదటిసారి బిల్లు ఇవ్వలేదు, డబ్బు ఫోన్‌లో కొట్టాను. చప్పుడు మాత్రం పోలేదు. రెండో బెల్టు వేసిన పదిహేను రోజులకు మాల్ అనే ఊరి దగ్గర లోడు మీద తెగింది. బ్యాటరీ లైటు వెలిగింది. ఊరు దాటించి ఆపుదామని మూడు కిలోమీటర్లు పోయేసరికి ఇంజన్ హీటెక్కి ఆగిపోయింది. హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ హెడ్ కింద ఉండే సీలు) పోయిందని, 32,000 అవుతుందని అంటున్నారు. బండి అదే షెడ్డులో ఉంది. మా అన్న ట్రాక్టరు పాత బాకీ 6,000 కడితేనే ఇస్తామంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు బండి సంగతి. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని సెక్షన్ 170 ప్రకారం మెకానిక్ ఏ బండికి పని చేశాడో ఆ పని కూలి కోసం ఆ బండినే ఆపుకోవచ్చు. వేరే బాకీకి చేతిలో ఉన్న సొత్తును పట్టుకునే హక్కు సెక్షన్ 171 కింద బ్యాంకులు, బీమా పాలసీ బ్రోకర్ల వంటి కొందరికే ఉంది. ఆ జాబితాలో మెకానిక్ షెడ్డు లేదు. కాబట్టి మీరు ప్రత్యేకంగా ఒప్పుకుని ఉంటే తప్ప, అన్న ట్రాక్టరు బాకీకి మీ పికప్‌ను ఆపడం చెల్లదు. ఈ మాట రాసి స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. పికప్‌కే ఏమైనా కూలి మిగిలి ఉంటే, అభ్యంతరంతో కడుతున్నానని రాసి రసీదు తీసుకోండి.

బండి మీ చేతికి వచ్చేదాకా ఇంజన్ విప్పనివ్వకండి. తెగిన బెల్టు, దానికి ముందు తీసేసిన బెల్టు రెండూ అడిగి తీసుకోండి. కడగకుండా, తుడవకుండా కవర్లో పెట్టి తేదీ రాయండి. మీ కేసుకు ప్రాణం అవే.

ఎందుకంటే వినియోగదారుల కమిషన్ ముందు ‘చప్పుడు పోలేదు’ అంటే చాలదు. చూడాల్సింది చూడకుండా మళ్లీ బెల్టే వేశారని చూపాలి. కీచుమనే బెల్టును చూసే పద్ధతి ఏ మెకానిక్‌కైనా తెలిసిందే. ఇంజన్ ఆపి, పొడవైన భాగం మధ్యలో బొటనవేలితో గట్టిగా నొక్కితే పాత రకం వీ-బెల్టు సుమారు 10 నుంచి 15 మిల్లీమీటర్లు దిగాలి (కచ్చితమైన లెక్క ఆ బండి మాన్యువల్‌లో ఉంటుంది). ఎక్కువ దిగితే లూజు. ఇంజన్ నడుస్తుండగా చెయ్యి దూరంగా ఉంచి బెల్టు లోపలి వైపు నాలుగు చుక్కల నీళ్లు చల్లితే ఇంకో సంగతి తెలుస్తుంది. చప్పుడు పెరిగితే బెల్టు జారుతోంది. కాసేపు పోయి మళ్లీ వస్తే పుల్లీలు ఒక వరుసలో లేవు. రెండూ కాకపోతే బెల్టు తీసి అర నిమిషం లోపు ఇంజన్ ఆడించాలి. వాటర్ పంపు తిరగదు గనుక అంతకు మించకూడదు. చప్పుడు ఆగితే ఇంజన్ ఆపి డైనమో, వాటర్ పంపు, టెన్షనర్ (బెల్టును బిగువుగా ఉంచేది) పుల్లీలను ఒక్కొక్కటే చేత్తో తిప్పాలి. గరగరలాడినా, పట్టేసినా, ఊగినా బేరింగు పోయినట్టే. అలాంటి పుల్లీ మీద ఎన్ని కొత్త బెల్టులు వేసినా కాలి తెగుతాయి. రెండో బెల్టు పదిహేను రోజులకే తెగిందంటే నా అనుమానం బేరింగు మీదో, పుల్లీ వరుస మీదో.

తెగిన బెల్టే చాలా చెబుతుంది. పక్కలు అద్దంలా మెరిస్తే జారి కాలింది. ఒక అంచే దారాలు లేస్తే పుల్లీ వంకర. రబ్బరు ఉబ్బి మెత్తబడితే ఆయిలో డీజిలో కారుతోంది. ఇవి చూసి రాసివ్వడానికి ఆ షెడ్డుతో సంబంధం లేని అనుభవమున్న మెకానిక్‌ను గానీ, బండ్ల నష్టం అంచనా వేసే మోటారు సర్వేయర్‌ను గానీ పిలవండి. ఫోటోలు, పుల్లీ తిప్పుతున్న వీడియో, వారి అఫిడవిట్ జత చేయాలి.

మీరు వినియోగదారు అవుతారా? బండి కిరాయికి, వ్యాపారానికి తిరుగుతుంది గనుక కారని అవతలివారు వాదిస్తారు. కానీ స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసమే వాడుకుంటే అది వాణిజ్య ప్రయోజనం కాదని 2019 వినియోగదారుల రక్షణ చట్టమే చెబుతోంది. మీరే నడుపుతారని చూపే లైసెన్సు, మార్కెట్ చీటీలు పెట్టండి. జీతానికి డ్రైవర్లను పెట్టి నాలుగైదు బండ్లు తిప్పేవారికి ఈ దారి కష్టం. బిల్లు ఇవ్వకపోవడం అదే చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతి. ఫోన్‌లో కొట్టిన డబ్బుకు బ్యాంకు స్టేట్‌మెంటు తెచ్చుకోండి.

ఇక మీ వైపు లోటు. బ్యాటరీ లైటు వెలిగాక మూడు కిలోమీటర్లు నడిపారు. చాలా పాత డీజిల్ బండ్లలో డైనమోను, వాటర్ పంపును ఒకే బెల్టు తిప్పుతుంది. అది తెగితే ముందు లైటు వెలుగుతుంది, వెనకే టెంపరేచర్ ముల్లు లేస్తుంది. ఆపి ఉంటే గ్యాస్కెట్ దక్కేదని వారంటారు, ఆ మాటకు బలముంది. నష్టాన్ని తగ్గించుకోవడానికి మీరేం చేయగలిగేవారో కూడా కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 లెక్కలోకి తీసుకుంటుంది. రెండు బెల్టుల ఖర్చు, కూలి తిరిగి అడగడం గట్టిది. 32,000లో కొంత కోత పడొచ్చు. ఆ మూడు కిలోమీటర్లు దాచకండి. ట్రాఫిక్‌లో ఆపే చోటు లేకపోతే అది రాయండి. దాచి పట్టుబడితే మిగతా నిజాలకూ విలువ పోతుంది.

నోటీసుకు పదిహేను రోజుల గడువు ఇవ్వండి. ఈలోగా వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేస్తే కొన్నిసార్లు గొడవ అక్కడే తేలిపోతుంది. జవాబు రాకపోతే నల్లగొండలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపు గనుక ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. ఇంటి నుంచే ఈ-జాగృతి వెబ్‌సైట్‌లోనూ వేయొచ్చు. కమిషన్ నోటీసు అందాక అవతలివారికి జవాబుకు 30 రోజులు, కమిషన్ అనుమతిస్తే ఇంకో 15. రాజీకి పంపితే వెనకాడకండి, బత్తాయి సీజన్‌లో బండి నిలిచిన ప్రతి రోజూ మీకు నష్టమే. కేసు వేయడానికి గడువు 2 సంవత్సరాలు, బెల్టు తెగిన రోజు నుంచి లెక్క పెట్టుకోండి.