సైటు ఉన్నవాడు కొండ దిగేటప్పుడు

తిరుపతి

చిరంజీవి అల్లుడికి,

మామ ఆశీస్సులు. నువ్వు పంపిన కంటి చీటీ చూశాను. కుడికన్ను −5.00, ఎడమకన్ను −4.50, ఎడమకంటికి అదనంగా −1.25 సిలిండర్, అంటే ఒక దిశలో మాత్రమే పనిచేసే పవర్. కళ్లజోడు తీసేస్తే జానెడు దూరం దాటాక అంతా మసకే అన్నమాట. ఈ సైటుతో కొండ దిగే సైకిలు వద్దని మీ అమ్మ పట్టుబడుతోంది. నన్నడిగితే తొక్కొచ్చు. కానీ రోజూ కాలేజీకి పెట్టుకుపోయే జోడుతోనే దిగుతానంటే మాత్రం నేనూ మీ అమ్మ పక్షమే.

ఎందుకో లెక్క చూడు. రాళ్ల దారిలో గంటకు 25 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 7 మీటర్లు. చెమటకు జోడు జారి, నువ్వు ఒక చెయ్యి హ్యాండిల్ వదిలి దాన్ని పైకి తోసుకునేసరికి రెండు సెకన్లు పడుతుంది. అప్పటికి 14 మీటర్లు గుడ్డిగా పోయి ఉంటావు, అదీ ఒంటిచేత్తో, బ్రేకు మీద వేలు లేకుండా. చంద్రగిరి వైపు గుట్టల్లో 14 మీటర్లలో ఎన్ని మలుపులు, ఎన్ని బండరాళ్లు వస్తాయో నాకంటే నీకే బాగా తెలుసు.

ఇంకో సంగతి ఆప్టికల్ షాపుల్లో కూడా సాధారణంగా ఎవరూ ఆలోచించరు. నీ సైటు చూసేది కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి. అద్దం మధ్యబిందువు పెట్టేదీ ఆ కూర్చున్న తీరుకే. దిగుడులో నువ్వు అలా ఉండవు. నడుము వెనక్కి పోతుంది, ఛాతీ కిందికి వంగుతుంది, తల ముందుకు వాలుతుంది, చూపు మాత్రం పదిహేను మీటర్ల అవతల ఉంటుంది. అంటే అద్దం పై అంచు దగ్గర నుంచి చూస్తున్నావు. మైనస్ పవర్ అద్దంలో అంచు దగ్గర బొమ్మ వంకరపోతుంది, ఒకపక్కకు జరుగుతుంది. సన్న ఫ్రేమైతే పై కమ్మీ సరిగ్గా చూపుకు అడ్డంగా వస్తుంది. రాయి ఎత్తు అంచనా తప్పేది అక్కడే. పవర్ సరిగ్గా ఉన్నా ఆ పొరపాటు తప్పదు.

అందుకే నీకు నా మొదటి సలహా ఒకరోజు వాడి పారేసే మెత్తటి కాంటాక్ట్ లెన్సులు, వాటి మీద మామూలు గాగుల్స్. లెన్సు కంటితోపాటే తిరుగుతుంది కాబట్టి నువ్వు ఎలా వంగినా మధ్యలోంచే చూస్తావు. దానికి ఆవిరి పట్టదు, కాడలు ఉండవు, హెల్మెట్‌తో పేచీ లేదు. గట్టి రకం లెన్సులు మాత్రం ఈ పనికి వద్దు. అవి చిన్నవి, నల్లగుడ్డు మీద తేలుతూ ఉంటాయి. ఎర్రమట్టి రేణువు ఒక్కటి కిందికి దూరితే కన్ను తెరవలేవు.

కళ్లజోడు చీటీలోని అంకెలే లెన్సుకు రాయించుకోవద్దు. జోడు కంటికి 12 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది, లెన్సు కంటి మీదే కూర్చుంటుంది. పవర్ 4 దాటితే ఈ తేడా లెక్కలోకి వస్తుంది. నీ −5.00 లెన్సులో −4.75 అవుతుంది, −4.50 అయితే −4.25. ఎడమకంటికి టోరిక్ లెన్సు, అంటే సిలిండర్ కూడా ఉండే రకం కావాలి, −1.25 సిలిండర్ సులువుగానే దొరుకుతుంది. టోరిక్ లెన్సు కంట్లో తన స్థానంలోనే నిలవాలి. 10 డిగ్రీలు తిరిగితే దిద్దుబాటులో మూడోవంతు పోతుంది, 30 డిగ్రీలు తిరిగితే మొత్తం పోయినట్టే. కాబట్టి షాపులో ట్రయల్ లెన్సు పెట్టించుకున్నాక ఊరికే బోర్డు చదివి వచ్చెయ్యకు. ఇరవై నిమిషాలు ఆగు, తల వంచు, పక్కలకు తిప్పు, పదిసార్లు గట్టిగా ఎగురు, ఆ తర్వాత మళ్లీ చదువు. ఎడమకన్ను ఒక్కటే మసకబారి రెండుమూడు రెప్పపాట్లకు తేరుకుంటే ఫరవాలేదు. అప్పటికీ తేరుకోకపోతే వేరే కంపెనీ లెన్సు అడుగు. ఒక్కో కంపెనీ లెన్సు ఒక్కో విధంగా నిలుస్తుంది.

పొద్దున్నే టిఫినుకు ముందే లెన్సులు పెట్టుకో. కారం దోశ తిన్న చెయ్యి ఎంత కడిగినా వేళ్ల సందుల్లో మంట మిగిలే ఉంటుంది, అది లెన్సుకు అంటితే రోజంతా ఏడుపే. సబ్బుతో కడిగి, పీచు రాలని గుడ్డతో తుడుచుకుని, కుడికన్నుతో మొదలుపెట్టు. దిగుడుకు కనీసం అరగంట ముందు లెన్సు కంట్లో ఉండాలి. ఇంకోమాట. స్వామి దర్శనం చేసుకుని నుదుట నామం, కుంకుమ పెట్టుకుని వస్తే హెల్మెట్ వేసేముందు తడిగుడ్డతో తుడిచేయి. చెమటకు కరిగి నేరుగా కంట్లోకే దిగుతాయి. నుదుటి మీద సన్‌స్క్రీన్ కూడా అంతే.

దారిలో లెన్సు కింద దుమ్ము పడితే నలపకు. నలిపితే నల్లగుడ్డు గీరుకుంటుంది. ఆగి, చేతులు కడుక్కుని, లెన్సు తీసి పారేసి కొత్తది పెట్టు. పడిపోయిన లెన్సును సీసాలో నీళ్లతో కడిగి మళ్లీ పెట్టుకోవడం, నోట్లో తడిచేసి పెట్టుకోవడం, ఈ రెండూ జన్మలో చెయ్యకు. అది మినరల్ వాటరైనా, కొండ మీద ఊటైనా, మన ఇంటి బోరు నీళ్లైనా ఒకటే. నీళ్లలో అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. అది లెన్సు చాటున నల్లగుడ్డులో దిగితే నెలల తరబడి వైద్యం, ఒక్కోసారి చూపే పోతుంది. లెన్సులతో ఈత వద్దు, నిద్రా వద్దు. తలకోన జలపాతం కింద తల పెట్టాలనిపిస్తే ముందు అవి తీసెయ్యి.

సంచిలో ఇవి ఉండాలి: రెండు కళ్లకూ ఒక్కో జత అదనపు లెన్సులు, ప్రిజర్వేటివ్ లేని కంటి తడిచుక్కల చిన్న గొట్టాలు నాలుగు, బొటనవేలంత అద్దం, సబ్బు కాగితాలు, గట్టి పెట్టెలో పాత కళ్లజోడు. ఒక కంటి లెన్సు పోయి, అదనపువి కూడా అయిపోతే రెండోది తీసేసి జోడు పెట్టుకుని, సైకిలు నడిపించుకుంటూ దిగు. ఒక కంట స్పష్టంగా, ఒక కంట మసకగా ఉంటే లోతు తెలియదు. లెన్సు పొట్లాలను ఎండలో నిలబెట్టిన బండి డిక్కీలో వదలకు. మే నెలలో మన ఎండ సంగతి చెప్పాలా?

ఇక గాగుల్స్. రెండు పొరల అద్దం ఉన్నది తీసుకో, ఆవిరి తక్కువ పడుతుంది. ముఖం చుట్టూ స్పాంజి ఎక్కడా వెలుతురు కనిపించకుండా ఆనాలి. హెల్మెట్ వేసుకునే చూడు, ఎందుకంటే ఫుల్‌ఫేస్ హెల్మెట్ బుగ్గల దిండ్లు గాగుల్స్‌ను పైకి నెట్టి ముక్కు దగ్గర సందు చేస్తాయి. దుమ్మంతా ఆ సందులోంచే వస్తుంది.

ఆవిరి వేగంగా దిగేటప్పుడు కాదు, సైకిలు తోసుకుంటూ ఎక్కేటప్పుడు పడుతుంది. ఒంటి వేడి, చెమట, లోపల కదలని గాలి. అందుకే ఎక్కేటప్పుడు గాగుల్స్ పూర్తిగా తీసి హ్యాండిల్‌కు తగిలించు. నుదుటి మీదికి జరపొద్దు. అక్కడి చెమటంతా స్పాంజి పీల్చుకుని, మళ్లీ పెట్టుకున్న నిమిషానికే అద్దం తెల్లబడుతుంది. హార్స్లీ హిల్స్ వైపు 4,000 అడుగుల పైన పొద్దున మబ్బులో ఇది మరీ ఎక్కువ. తెల్లబడినప్పుడు లోపలివైపు చేతితొడుగుతో రుద్దావంటే ఆవిరి పట్టని పూత ఊడిపోతుంది, ఆ గాగుల్స్ ఇక ఎప్పటికీ బాగుపడవు. గాలికి ఆరనివ్వు, లేదా మెత్తటి గుడ్డతో అద్ది తియ్యి.

లెన్సులు పడని రోజు ఒకటి వస్తుంది. కన్ను ఎర్రబడినా, జలుబు చేసినా, నిద్ర చాలకపోయినా పెట్టుకోకూడదు. ఆ రోజుకు ఆటల జోడు ఒకటి విడిగా చేయించుకో. అద్దం పాలీకార్బొనేట్ గానీ ట్రైవెక్స్ గానీ కావాలి, ఇవి దెబ్బకు అంత సులువుగా పగలవు. మామూలు ప్లాస్టిక్ వద్దు, గాజు అసలే వద్దు. కాడలు సన్నగా, తిన్నగా ఉండాలి. హెల్మెట్ ముందు, జోడు తర్వాత. వంపు కాడలైతే బుగ్గల దిండ్ల మధ్య దూరవు, దూరినా కణతలు నొక్కి అరగంటలో తలనొప్పి తెస్తాయి. గాగుల్స్ కూడా కళ్లజోడు మీద పెట్టుకునే రకం తీసుకో. పక్కల స్పాంజిలో కాడలకు గాడి ఉంటుంది. గాడి లేనిది కాడను నొక్కి జోడును ముక్కు మీద వంకర చేస్తుంది.

ఈ జోడుకు కొలత ఇచ్చేటప్పుడు కొంచెం కష్టపడు. ఫ్రేమును దాని ఉత్తుత్తి అద్దాలతోనే ఇంటికి తెచ్చుకో. హెల్మెట్ వేసుకుని, సైకిలెక్కి, తమ్ముణ్ణి చక్రం పట్టుకోమని, పెడల్స్ సమానంగా పెట్టి దిగుడు భంగిమలో నిలబడి, వీధి చివరి కరెంటు స్తంభం మొదలు చూడు. మీ అమ్మ ఎదురుగా నిలబడి ఒక్కో కంటి నల్లపాప ఎదుట అద్దం మీద స్కెచ్‌పెన్నుతో చుక్క పెట్టాలి. ఆ చుక్క పై కమ్మీకి 8 మిల్లీమీటర్ల కంటే దగ్గరగా పడితే ఆ ఫ్రేము తిరిగి ఇచ్చెయ్యి. దూరంగా పడితే చుక్కల ఫ్రేమునే షాపువాళ్లకు చూపించి, నిటారుగా ఉన్నప్పటి బిందువుకూ దీనికీ నడుమ మధ్యబిందువు పెట్టమను. రెండు నల్లపాపల మధ్య దూరం కూడా వాళ్లు మళ్లీ కొలవాలి, పాత చీటీ చూసి వేయకూడదు. −5.00 అద్దంలో 3 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే 1.5 ప్రిజం పడుతుంది, అంటే చూపు పక్కకు వంగుతుంది, కళ్లు లాగుతాయి.

ముఖాన్ని చుట్టుకునే వంపు అద్దాలు చూడటానికి బాగుంటాయి, నీ పవర్‌కు సరిపడవు. వంపుకు తగ్గట్టు లెక్క మార్చి చేయించకపోతే నేల పక్కకు ఒరిగినట్టు కనిపిస్తుంది. గాగుల్స్ లోపల తగిలించే పవర్ ఇన్సర్ట్ మూడో దారి. పడినప్పుడు కాడలు గుచ్చుకునే భయం లేదు, కానీ ఆవిరి పట్టడానికి ఇంకో రెండు ముఖాలు చేరతాయి, రెప్పవెంట్రుకలు తగిలి జిడ్డు అంటుతుంది. లెన్సులు అసలు పడనివాళ్లకే అది.

మా బావ, అదే మీ నాన్న, కూడా వెంట వస్తానంటే ఒక్క మాట చెప్పు. ఆయన ప్రోగ్రెసివ్ జోడులో కింది సగం చదవడానికి. ముందు చక్రం దగ్గరి రాయి ఆ భాగంలోంచి మసకగా, దగ్గరగా కనిపిస్తుంది. దూరం చూపు ఒక్కటే ఉన్న జోడుతో రమ్మను.

రంగు విషయానికొస్తే, చెట్టునీడలోకీ ఎండలోకీ క్షణక్షణం మారే దారికి లేత గులాబీ గానీ తెల్లటిది గానీ చాలు. ఎండకు నల్లబడే అద్దం నీడలో తెల్లబడటానికి నిమిషాలు తీసుకుంటుంది, నువ్వు నీడలోకి దూరేది అరసెకనులో. పోలరైజ్డ్ వద్దు. తడిబండ మీది మెరుపును అది చెరిపేస్తుంది, ఆ మెరుపే నీకు జారుడు ఆనవాలు. కార్తీకంలో వానలు పడి బండలు పాచిపట్టినప్పుడు ఇది గుర్తుంచుకో.

కంప కంటికి తగిలితే ఆలస్యం చెయ్యకు. సర్కారు తుమ్మ ముల్లు గానీ, ఎండుపుల్ల గానీ నల్లగుడ్డును గీరితే దానితోపాటు బూజు కూడా లోపలికి పోతుంది. మన దక్షిణాదిలో కంటిపుండ్లకు ఇదొక పెద్ద కారణం. రెండురోజులు కన్ను కాస్త ఎర్రగా ఉంటుంది, తర్వాత నీళ్లు కారడం, వెలుతురు చూడలేకపోవడం, నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క. ఆముదం వెయ్యడం, పాలు పిండటం వద్దు. మెడికల్ షాపులో అడిగి తెచ్చే చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే బూజు ఇంకా పెరిగి కంట్లో పువ్వు వేస్తుంది. లెన్సు తీసేసి, అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి పో. తీసిన లెన్సు కూడా పొట్లంలో పట్టుకుపో, పరీక్షకు పనికొస్తుంది.

సైటు తీసే లేజర్ ఆపరేషన్ గురించి అడిగావు. పవర్ ఏడాదిపాటు మారకుండా నిలిచాక మాట్లాడదాం. అప్పుడు కూడా నువ్వు కింద పడే ఆట ఆడతావని డాక్టరుకు ముందే చెప్పు. నల్లగుడ్డు మీద మూతలా పొర కోసే పద్ధతి కాక, పొర కొయ్యని పద్ధతి నీకు కుదురుతుందేమో చూస్తారు. అది చేయించుకున్నా గాగుల్స్ తప్పవు.

పవర్ ఎక్కువున్న కళ్లలో రెటీనా, అంటే కంటి వెనుక లోపలి పొర, పల్చబడి ఉండొచ్చు. ఏటా ఒకసారి నల్లపాప పెద్దదయ్యే చుక్కలు వేయించుకుని లోపల చూపించుకో. ఆ పూట సైకిలు ముట్టుకోకు. ఎప్పుడైనా పడిన తర్వాత కంట్లో మెరుపులు, నల్ల ఈగలు ఒక్కసారిగా ఎక్కువైనా, పక్కనుంచి తెర జారినట్టు అనిపించినా నొప్పి లేదు కదా అని ఊరుకోకు. గంటలు లెక్కపెట్టాల్సిన విషయమది.

అటవీశాఖ అనుమతి లేకుండా శేషాచలం అడవిలోకి పోనని నాకు మాటివ్వు. ఆదివారం ఇక్కడికి వచ్చేటప్పుడు హెల్మెట్, గాగుల్స్, చీటీ మూడూ తెచ్చుకో. ఫ్రేములు నాలుగు తెప్పించి ఉంచుతాను, చుక్కలు ఇక్కడే పెట్టుకుందాం. సైకిలు మరిచిపోకు, అది లేకుండా కొలత కుదరదు.

మీ మామ