సాకు చెప్పాల్సింది మీరు కాదు

ఒక సోదరి ఉత్తరం ఇది. పెళ్లయి పదకొండేళ్లు. పిల్లల్ని పుట్టింట్లో ఉంచి, కార్తీకంలో వచ్చే పెళ్లిరోజుకి భార్యాభర్తలిద్దరే ఐదు రోజులు ఖాట్మండు వెళ్దామనుకున్నారు. సంగతి తెలిసి అత్తగారు, "పశుపతినాథుణ్ణి చూడాలని నాకెప్పట్నుంచో కోరిక, నేనూ వస్తా" అన్నారు. భర్తేమో తల్లి ముందు తలూపి, గదిలోకొచ్చి "నువ్వే ఏదో ఒకటి చెప్పి మాన్పించు" అన్నాడట. అత్తగారికి 68 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఆవిడ నొచ్చుకోకుండా ఏ సాకు చెప్పాలని ఈమె ప్రశ్న.

ఏ సాకూ నిలవదమ్మా. పాస్‌పోర్టు లేదంటారా? నేపాల్‌కి మనకి వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్లేవాళ్లకి పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలన్న నియమం 65 దాటినవాళ్లకి వర్తించదు, ఆధార్ చాలు. ఆధార్‌తో పని జరగనిది మీ ఇద్దరికే! స్వయంభూ స్తూపానికి 365 మెట్లున్నాయంటారా? కొండకి పడమటి వైపు నుంచి కారు దాదాపు పైదాకా పోతుంది. చలంటారా? కార్తీకంలో అక్కడ పగలు హాయిగా ఉంటుంది, పొద్దునా రాత్రీ ఒక స్వెట్టర్ వేసుకుంటే సరి. ఇవన్నీ పక్కింటి కుర్రాడు ఫోన్‌లో చూసి చెప్పేస్తాడు. చివరికి అబద్ధాల కోడలన్న పేరు మీకే మిగులుతుంది.

మీ అత్తగారిని నేనేమీ అనను. శివుడి గుడి పేరెత్తితే ఆ వయసులో ఎవరైనా బయల్దేరతారు. నాకు నచ్చనిది మీవారి పద్ధతి. పండక్కి పుట్టింటికి వెళ్లే విషయంలో, స్కూటీ కొనే విషయంలో కూడా ఆయన మీతో సరేనని, అమ్మకి చెప్పే పని మీకే వదిలేశారని మీరే రాశారు. అమ్మకి మంచి కొడుకు, మీకు మంచి భర్త, చెడ్డపేరు మోయడానికి మీరు. భార్యతో అబద్ధం చెప్పించడాన్ని నేను మాతృభక్తి అనను.

ఆయన చెప్పాల్సింది ఇంతే: "అమ్మా, ఈసారి మేమిద్దరమే వెళ్తున్నాం. శివరాత్రి రద్దీ తగ్గాక నిన్ను పశుపతికి నేనే తీసుకెళ్తా." టికెట్లు కొనకముందే చెప్పాలి, మీరు ఆ గదిలో లేనప్పుడు చెప్పాలి. ఆ రెండో మాటకి తేదీ ఉండాలి, లేకపోతే అదీ ఇంకో సాకే. డిసెంబరు, జనవరి వద్దు. ఢిల్లీ పొగమంచుకి విమానాలు ఆలస్యమైతే పెద్దావిడ గంటల తరబడి కుర్చీలో కూర్చోవాలి. గుడికి దగ్గర్లో, గౌశాల వైపు బస చూసుకోమనండి. తెల్లవారుజామున దర్శనం, మధ్యాహ్నం విశ్రాంతి, సాయంత్రం బాగ్మతి ఒడ్డున హారతి. తోలు బెల్టు, పర్సు గదిలోనే వదలాలి. మర్నాడు బుఢానీలకంఠలో నీళ్ల మధ్య శేషుడి మీద పడుకున్న విష్ణుమూర్తి. ఆవిడకి కావలసింది ఇదే, తొందరపెట్టకుండా చూపించాలి.

మీ ఇద్దరి ఐదు రోజులకి వేరే లెక్క. ఖాట్మండుని ఆనుకునే ఉన్న పటాన్‌లో 1637 నాటి రాతి కృష్ణ మందిరం ఉంది. మొదటి అంతస్తు చుట్టూ భారతం, రెండో అంతస్తు చుట్టూ రామాయణం చెక్కారు. నిలబడి ఓపిగ్గా చూస్తే గాని ఎవరెవరో పోల్చుకోలేరు. భక్తపూర్ ఖాట్మండుకి 13 కిలోమీటర్లే కదా అని పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయకండి, ఒక రాత్రి ఉండండి. చీకటిపడేసరికి టూరిస్టు బస్సులు వెళ్లిపోయి, న్యాతపోల గుడి మెట్ల మీద ఊరివాళ్లే మిగులుతారు. 1702లో కట్టిన ఆ ఐదంతస్తుల గుడి 1934, 2015 భూకంపాలు రెంటికీ నిలిచింది. అక్కడ మట్టి మూకుడులో తోడుపెట్టే జుజు ధౌ అనే పెరుగు తినకుండా రావద్దు. ఇంటికి వీడియో కాల్ రోజుకొకటి చాలు, ప్రతి గుడి ముందూ అక్కర్లేదు.

మీవారికి వారం గడువివ్వండి. అప్పటికీ నోరు మెదపకపోతే ప్రయాణం మానేయండి. ఎందుకు మానేశారని అత్తగారు అడిగితే, "మీ అబ్బాయినే అడగండి అత్తయ్యా" అని ఆయన ఎదురుగానే అనండి.

చెప్పేస్తే మాత్రం ఆ రాత్రే టికెట్లు కొనండి. ఇద్దరూ పాస్‌పోర్టు గాని ఓటరు కార్డు గాని ఒరిజినల్ దగ్గరుంచుకోండి, ఫోన్‌లో ఫొటోని నమ్ముకోకండి. రూపాయలు 100 నోట్లుగా పట్టుకెళ్లండి. మన 100కి అక్కడి 160 వస్తాయి. మీ కార్డు మీద ఇంకా పుట్టింటి ఇంటిపేరే ఉంటే, టికెట్ కూడా ఆ పేరుతోనే కొనండి.