సెలవుల్లో ఫకీర్ మోహన్‌ని చదవాల్సిన బుజ్జికి

బుజ్జీ,

నీ మెసేజ్ చూశాను. సెలవులు సగం అయిపోయాయి, బడిలో చదివి రమ్మన్న ఫకీర్ మోహన్ సేనాపతి ఒడియా నవల 'ఛ మాణ ఆఠ గుంఠ' మాత్రం పదో పేజీ దాటట్లేదు, రోజూ తెరవడం, టెన్షన్ పడి మూసెయ్యడం. "తెలుగువాళ్లం, మనకెందుకు పెద్దమ్మా ఈ పాత ఒడియా" అని కూడా అడిగావు. బరంపురంలో పుట్టి పెరిగి, బజారులో బేరం దగ్గర్నుంచి స్నేహితురాళ్లతో దెబ్బలాట దాకా ఒడియాలోనే కానిచ్చే పిల్లవి, నీకు భాష రాకపోవడమేంటి? మీ క్లాసులో ఒడియా ఇళ్ల పిల్లల్ని అడిగి చూడు, వాళ్లలోనూ చాలామంది ఆ పదో పేజీ దగ్గరే ఆగిపోయుంటారు. ఇన్నేళ్లు పర్లాకిమిడిలో పిల్లలకి ఈ నవల చెప్పిన దాన్ని కాబట్టి అంటున్నాను, చిక్కంతా కథ చెప్పే మనిషి దగ్గర ఉంది. పైకి ఒకటి చెప్తూ లోపల ఇంకోటి అంటుంటాడు. పాఠం చదివినట్టు ప్రతి వాక్యాన్నీ నమ్ముకుంటూ పోతే కథ బుర్రకెక్కదు.

మొదటి పేజీలే మళ్లీ తీసి చూడు. జమీందారు రామచంద్ర మంగరాజ్ మహా నిష్ఠాపరుడట, ఏడాదికి ఇరవై నాలుగు ఏకాదశులు కాబట్టి సరిపోయింది గానీ నలభై వచ్చినా ఒక్కటీ వదిలేవాడు కాదట, ఆ రోజంతా నీళ్లూ తులసాకులే. వెంటనే, ఏదో మాటల్లో దొర్లినట్టు, మంగలి జగా చెప్పిన సంగతి ఒకటి వస్తుంది. ఏకాదశి సాయంత్రం అయ్యగారి పడగ్గదిలో పెద్ద కుండతో పాలు, అరటిపళ్లు, పేలాలు పెడతారు, తెల్లారగట్ల ఆ ఖాళీ కుండ తీసి కడిగేది జగానే. ఇక్కడ నవ్వు రాకపోతే ముందుకెళ్లకు, మళ్లీ చదువు. ఆ తర్వాత ఇంకా బావుంటుంది, రచయిత మంగరాజ్‌ని ఒక్క మాట అనడు సరికదా వెనకేసుకొస్తాడు, ఆయన తాగుతుండగా కళ్లారా చూసిన సాక్షి ఎవరు, చెప్పుడు మాటలు కోర్టులో చెల్లవు కదా అని. ఎవరినైనా తెగ పొగిడాడంటే అక్కడ ఆగి, ఈ పొగడ్త వెనక ఏం దాచాడో చూడు.

కాబట్టి మనసులో చదవకు, పైకి చదువు. పక్కింట్లో ఒడియా మామ్మ ఉందన్నావుగా, మధ్యాహ్నం ఎండకి ఎటూ పోలేరు, ఆవిడకి వినిపించు. ఆవిడ ఎక్కడ నవ్విందో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టుకో. నీకు ఏ డిక్షనరీ అంత సాయం చెయ్యదు. తెలియని మాట వచ్చినప్పుడల్లా వెతుక్కోకు, వాక్యం తెలిస్తే చాలు. మధ్యలో వచ్చే సంస్కృత శ్లోకాలు మొదటిసారికి వదిలెయ్. జమీందారు, వకీలు, జప్తు లాంటివి మనింట్లో వాడేవే. పత్రికలో వాయిదాలుగా వచ్చిన నవల కాబట్టి అధ్యాయాలు చిన్నవి, పూటకొకటి చాలు.

ఇంకా మొరాయిస్తే వరస తప్పించి అసుర చెరువు అధ్యాయం ముందు చదివెయ్. రేవులో ఆడవాళ్లు ఎవరింట్లో ఏం వండారో, ఎవరు ఎవర్ని ఏమన్నారో చెప్పుకుంటుంటారు, ఊళ్లో పత్రిక గనక ఉంటే వార్తలకి కరువే ఉండేది కాదంటాడు. ఆ మాటలు విన్నాక ఊరు నీదైపోతుంది. ఆ తర్వాతే భగియా, సారియాల దగ్గరికి రా. పిల్లల్లేని ఆ సాలె దంపతులు సంతానం కోసం గుడి కట్టిస్తామని మొక్కుకుని, పేరులో ఉన్న ఆ ఆరెకరాల చిల్లర భూమి మంగరాజ్‌కి తాకట్టు పెట్టడం దగ్గర మాత్రం తొందరపడకు. దేవుడి పేరు, అప్పు కాగితం, కోర్టు, ఈ మూడూ కలిసి పేదవాడి భూమిని ఎలా మింగుతాయో అంత వివరంగా రాయగలిగాడంటే సంస్థానాల్లో దివానుగా పనిచేసినవాడు కాబట్టే. అక్కడ ఆ నవ్వే గొంతు నవ్వుతూనే ఉంటుంది, నీకు మాత్రం నవ్వు రాదు. నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

తెలుగువాళ్లకెందుకు అన్నావు కాబట్టి ఒక్క సంగతి. ఈ నవల 1897లో 'ఉత్కళ సాహిత్య' పత్రికలో మొదలైంది. ఆ ఏడాదే మన గురజాడ 'కన్యాశుల్కం' మొదటి కూర్పు అచ్చయింది. ఇద్దరూ జనం మాట్లాడే మాటనే పట్టుకుని పెద్దమనుషుల ముసుగులు లాగారు. గిరీశానికి పడీ పడీ నవ్వినదానివి, మంగరాజ్ నీకు కొత్తవాడేం కాదు.

గైడు మాత్రం కొనొద్దని నాన్నకి చెప్పు. అందులో ఎవరు చచ్చారు, ఎవరు జైలుకెళ్లారు అన్నదే ఉంటుంది, పాలకుండ ఉండదు. బడికి రాసివ్వాల్సిన దాంట్లో కథంతా ఎక్కించకు, నీకు నచ్చిన ఒక్క పేరా తీసుకుని, ఆయన ఏమన్నాడు, నీకు ఏం వినిపించింది, అంతే రాయి. రాశాక ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు, ఒడియా స్పెల్లింగులు నేను చూస్తాను.

మీ పెద్దమ్మ